ఓడిన టీమ్ ఫైనల్‌కి ఎలా వచ్చింది?

ప్రశ్న: తమ్ముడూ నేనూ డోటా 2 వీడియో గేమ్ టోర్నీ ‘ది ఇంటర్నేషనల్’ 2021 మ్యాచ్‌లు చూస్తున్నాం. ఇన్విక్టస్ గేమింగ్ చేతిలో ఓడిన టీమ్ స్పిరిట్ ఫైనల్లో ఎలా ఉందండీ?

జవాబు: అది డబుల్ ఎలిమినేషన్ అండి. అప్పర్ బ్రాకెట్‌లో ఓడితే లోయర్‌కి దిగుతారు, అక్కడా ఓడితేనే ఇంటికి. స్పిరిట్ లోయర్‌లో వరసగా గెలుస్తూ వచ్చి ఫైనల్లో పీఎస్‌జీ ఎల్‌జీడీని 3-2తో ఓడించింది. ఐదో గేమ్ మాత్రం తప్పకుండా చూడండి!

మరో జవాబు: లోయర్ మొదటి రౌండ్‌లో ఒక్కటే గేమ్. తర్వాతి మ్యాచ్‌లలో మూడు గేమ్‌లలో రెండు గెలవాలి, ఫైనల్లో ఐదింట మూడు. ఫ్నాటిక్‌తో ఆ ఒక్క గేమ్ పోయుంటే స్పిరిట్ కథ అక్కడే ముగిసేది. భలే టెన్షన్!

ప్రశ్న అడిగినవారు: మరి అప్పర్‌లో ఓడకుండా వచ్చిన ఎల్‌జీడీకి ఫైనల్లో ఆధిక్యం ఇవ్వలేదా?

జవాబు: లేదండి. ఒక గేమ్ ముందే ఇవ్వాల్సిందని నా గట్టి అభిప్రాయం. ఓడనివాళ్లకు దక్కింది కాస్త విశ్రాంతే.