ఉఱికినవా, ఉరికినవా?

శ్యామల: పిండంలో మెదడు కట్టుకునే రోజుల్లో జంపింగ్ జీన్స్, అంటే జన్యురాశిలో కొత్త చోట్లకు చేరే డీఎన్‌ఏ ముక్కలు, ఏం చేస్తాయన్నదాని మీద వ్యాసం రాస్తున్నాను. "ఉరుకు జన్యువులు" అందామంటే కృష్ణుడు భీష్ముడి మీదికి వచ్చే పోతన పద్యంలో పాదం ఒకటి నోట్లో ఆడుతోంది: "...నోర్వక యుదరంబులో నున్న". ముందున్నది ఎగసినా, ఉరికినా?

రాఘవరావు: "ఉఱికిన". బండి ఱ. ఎగసినది పై పాదం. కృష్ణుడు ముందు పైకి లేచాడు, తర్వాత రథం మీంచి దూకాడు. రెండూ ఒకటి కావు.

సుజాత: మా వరంగల్ల ఉరుకుడంటే పరుగెత్తుడే. బస్సు వెనక పడ్డ జన్యువులనుకుంటరు సార్!

రాఘవరావు: అందుకేనమ్మా ఱ ఉంచమనేది.

మూర్తి: ఱ సరే, అసలు దూకుతాయా? వీటిని కనిపెట్టిన శాస్త్రవేత్త మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూసినవి చోటు వదిలి వెళ్లేవి. మెదడు విషయంలో ముఖ్యమైనది లైన్-1 అనే రకం. అది కదలదు. దాని ఆర్‌ఎన్‌ఏ నకలు మళ్లీ డీఎన్‌ఏగా మారి ఇంకోచోట దిగబడుతుంది, అరటి పిలకలాగా. "పిలక జన్యువులు" అనండి. మన జన్యురాశిలో దాదాపు 17 శాతం ఇవే. 5 లక్షల ప్రతుల్లో ఇంకా పిలక వేయగలిగినవి 100కి అటూఇటూ. మిగతావాటిలో చాలావరకు తల తెగిన ముక్కలే.

శ్యామల: పిలక బాగుందండీ. కానీ పిలక వేయడమే వాటి పని కాదు. మెదడు మూలకణాల్లో తల తెగని కొన్ని ప్రతులు పక్క జన్యువులకు ప్రమోటర్లుగా, అంటే వాటిని పనిలోకి దించే మీటలుగా, పనికొస్తున్నాయి. కొత్తగా దిగేవాటి లెక్కే తేలలేదు. న్యూరాన్‌కు ఒకటి కూడా లేదని ఒకరు, పదికి పైనేనని ఇంకొకరు.

రాఘవరావు: దిగితే చాలు, "జగముల వ్రేగున జగతి గదల". మూర్తిగారి పిలకలో ఆ అదురేదీ?

సుజాత: నాకు ఆ పద్యంల "పచ్చని పటము జాఱ" అన్నదే పానం. అక్కడ గూడ బండి ఱనే సార్, చూస్కోండ్రి.

శ్యామల: నాకు ఆ తర్వాతిది పనికొస్తుంది, "క్రీడి మరల దిగువ". లైన్-1ని మూలకణంలో ఆపి పట్టేది మిథైల్ ముద్ర, డీఎన్‌ఏ మీద పడే రసాయన గుర్తు. అదే మన అర్జునుడు.

మూర్తి: దిగువ అంటే కిందికి కదా, ఆపడం ఎక్కడొచ్చింది?

రాఘవరావు: తిగుచుట అండీ, లాగడం. ద్రుతం మీద సరళం.

మూర్తి: నా దగ్గరున్న ప్రతిలో "మఱల" అని ఉంది. దాని సంగతేమిటి?