నైటీతో స్కూల్ వ్యాన్ దాకా పోతే తప్పేనా? మన సీమ వాళ్లు కొంచెం చెప్పండి

కల్లూరు_కోడలు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, కల్లూరు సైడు. ఇద్దరు పిల్లలు, పాప మూడో తరగతి, చిన్నోడు యూకేజీ. పది రోజుల నుంచి మా ఇంట్లో నైటీ గురించి గొడవ జరుగుతాంది, ఏది కరెక్టో నిజంగా అర్థం కాక ఇక్కడ రాస్తున్నా.

మా వీధికి కొళాయి నీళ్లు పొద్దున అయిదుకి వదుల్తారు, ఒక్కోసారి నాలుగున్నరకే వచ్చేస్తాయి. అప్పుడు లేచి బిందెలు, డ్రమ్ము నింపుకొని, వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ముగ్గేసి, టిఫిను, రెండు బాక్సులు, అత్తకు షుగర్ మాత్ర, పాపకు రెండు జడలు, ఇదంతా అయ్యేసరికి ఏడూ ముప్పావు. మా సందు చిన్నది కాబట్టి వ్యాను లోపలికి రాదు, మెయిన్ రోడ్డు మీద కిరాణా అంగడి కాడ ఆగుతాది. ఇంటి నుంచి మహా అంటే రెండు వందల అడుగులు. కాటన్ నైటీ, లోపల లంగా, పైన చున్నీ నిండుగా కప్పుకొని పోయి ఎక్కించి వచ్చేస్తా. మూడేండ్లుగా ఇట్లే చేస్తాన్నా, మా వీధిలో ముక్కాలు మంది ఆడోళ్లు ఇట్లే వస్తారు.

పోయిన వారం మా కాలనీ పెద్దమనుషులు గుడి పక్కన బోర్డుకి ఒక కాగితం అంటించినారు. ఆడవాళ్లు నైటీలతో రోడ్డు మీదికి రాకూడదు, వస్తే ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెడతాము అని. అంటించిన ఆయన లుంగీ బనియన్ మీద, భుజం మీద టవాలుతో వచ్చి అంటించి పోయినాడు, నేను అప్పుడు అంగడి కాడే ఉన్నా. నాకు ఒళ్లు మండింది కానీ ఏమీ అనలేకపోయినా.

అది సరే, దానికన్నా నాకు బాధైంది ఏందంటే ఆ రాత్రి పడుకునేటప్పుడు మా పాప మెల్లగా "అమ్మా, రేపటి నుంచి డ్రెస్ వేసుకొని రా, లేకుంటే నేనొక్కదాన్నే పోతాలే" అన్నింది. నాకు నిద్ర పట్టలేదు. మా ఆయనేమో డ్రెస్ మార్చుకోడానికి అయిదు నిమిషాలు పట్టదు కదా, నలుగురితో మాట ఎందుకు అంటాడు. మార్చుకొని చూసినా. మూడు రోజులు పంజాబీ డ్రెస్‌లో పోయినా. ఇంటికొచ్చి మళ్లీ విప్పి నైటీ వేసుకోవాల, ఎందుకంటే బట్టలు ఉతికేది అంట్లు తోమేది అప్పుడే. మధ్యాహ్నం పన్నెండున్నరకి చిన్నోడి కోసం మళ్లీ డ్రెస్సు. ఆ చెమటకి రోజుకి ఒక జత ఎక్కువ ఉతకాల్సి వస్తాంది, మాకు నీళ్లే రోజు మార్చి రోజు.

మీ వైపు ఎట్ల ఉంది? పాపకు నేనేం చెప్పాల?

అనంత_టైలరమ్మ:

చెల్లీ, నాది అనంతపురం పాతూరు, ఇరవై ఏండ్ల పైగా మిషన్ తొక్కుతాన్నా, అందులో సగం నైటీలే కుట్టి ఉంటా. నేను చెప్పేది ఒకటే, నువ్వు వేసుకొని పోయేది రాత్రి బట్ట కాదు. పడుకునే నైటీ వేరే, బయటి నైటీ వేరే, ఈ సంగతి ఆడోళ్లందరికీ తెలుసు, మగోళ్లకే తెలీదు. పడుకునేది పాతబడి మెత్తగా అయిపోయింది, మెడ కాడ జారిపోయింది. వాకిట్లోకి, అంగడికి పోయేది ఉతికి ఆరేసింది, ముదురు రంగు, చేతులు మోచేతి దాకా. నా కాడికి వచ్చేవాళ్లు కుట్టించుకునేటప్పుడే చెప్తారు అక్కా ఇది బయటికి పోయేదానికి, మెడ పైకి పెట్టు, జిప్పు కనపడకుండా పట్టీ వేయి అని. పెద్ద సైజుకి మూడు మీటర్లు దాకా గుడ్డ పడతాది, అంత గుడ్డ కప్పుకున్నాక ఇంగ కనపడేది ఏముంది. కేరళలో ఇదే బట్టను మాక్సీ అంటారు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో అదే వేసుకొని తిరుగుతారు. మనకు పేరులో నైట్ అని ఉండేదే తంటా.

ఒకటి మాత్రం చూసుకో. గుడ్డ కొనేటప్పుడు ఎండకు ఎదురుగా పట్టుకొని వెనక నుంచి చెయ్యి పెట్టు. వేళ్లు లెక్క పెట్టేకి వస్తే ఆ గుడ్డ బయటికి పనికిరాదు, లేకుంటే లైనింగ్ వేయించుకో. అంగళ్లలో రెడీమేడ్‌వి శానా మటుకు ఆ పరీక్షలో నిలబడవు. మంచి కాటన్ తీసుకొని కుట్టించుకుంటే రెండేండ్లు వస్తాది.

కడప_టీచర్:

నేను కొంచెం వేరేగా చెప్తాను, తప్పుగా అనుకోకండి. నేను కడపలో చిన్నపిల్లల టీచర్ని. రోజూ గేటు దగ్గర నిలబడతాను. మీ పాప మూడో తరగతి అన్నారు కదా, సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు పక్క పిల్లల అమ్మల్ని చూడడం మొదలుపెడతారు. ఎవరమ్మ స్కూటీ మీద వచ్చింది, ఎవరమ్మ చీర కట్టుకుంది, అన్నీ చూస్తారు. మీ పాప మిమ్మల్ని తక్కువ చేసి మాట్లాడలేదు, నలుగురిలో ఎవరూ తనని వేలెత్తి చూపకూడదని ఆ పిల్ల బాధ. ఆ మాట తీసిపారేయద్దు, ఎవరో ఏదో అని ఉంటారు, ముందు అదేంటో అడగండి.

ఇక నా సంగతికొస్తే పేరెంట్స్ మీటింగుకి నైటీతో వస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది, దాచుకోను. ఇది మన ఊర్లోనే ఉండే గొడవ కూడా కాదు. 2016లో ఇంగ్లండులో డార్లింగ్టన్ అనే ఊర్లో ఒక ప్రైమరీ స్కూల్ హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని దింపడానికి పైజామాలతో రావద్దని తల్లిదండ్రులకి లెటర్ రాసింది, అక్కడ కూడా పెద్ద రచ్చ అయ్యింది, సగం మంది ఆమె వైపు, సగం మంది తల్లుల వైపు. పైజామా అనే మాట మన దేశం నుంచే వాళ్లకి పోయింది, మన దగ్గర అది పగలు వేసుకునే బట్ట, వాళ్లు దాన్ని పడకగదిలోకి తీసుకుపోయారు.

కానీ రాస్తుంటే మా అవ్వ గుర్తొస్తోంది. ప్రొద్దుటూరు దగ్గర పల్లెటూరు మాది. మా అవ్వకి రాత్రి బట్ట అని వేరే ఏదీ ఉండేది కాదు. ఏ చీరతో పడుకునేదో అదే చీరతో లేచి, కొంగు బిగించి, పేడనీళ్లు కలిపి కల్లాపి చల్లేది, అదే చీరతో బావి దాకా పోయేది. నలిగిపోయి, ఒక పక్క పైకి లేచి, పిక్కలు కనపడేవి. ఆమె రాత్రి చీరతో వీధిలోకి వచ్చిందని ఎవరైనా అన్నారా? మీ నైటీ అయినా మడమల దాకా కప్పుతుంది. కాబట్టి వ్యాన్ దాకా అయితే మీది తప్పు అని నేను అనలేను. స్కూల్ లోపలికి మాత్రం మార్చుకొని వెళ్లండి అంటాను.

బుధవారపేట_బాబు:

అక్కా, నేను మగోణ్ణి, నన్ను తిట్టినా పర్వాలేదు. రెండేండ్ల కింద నేను కూడా మా ఇంట్లో ఇదే మాట అన్నా. అప్పుడు మా ఇంటామె నా బర్ముడా చూపించి, దీంతోనే కదా నువ్వు రాజ్‌విహార్ దాకా పోయి ఉగ్గాని బజ్జీ కట్టించుకొని వచ్చేది, నిన్ను ఎవరైనా ఆపినారా అనింది. నిజంగా నా కాడ జవాబు లేదు. ఇప్పటికీ లేదు. మే నెలలో కరెంటు పోతే మా వీధి మగోళ్లమంతా బనియన్ కూడా తీసేసి అరుగుల మీద కూర్చుంటాం, అదే ఉక్కలో లోపల గ్యాస్ స్టవ్ ముందు నిలబడేది ఆమె.

మీ కాలనీ కాగితం గురించి ఒక మాట. 2018 నవంబర్‌లో పేపర్లలో వచ్చింది, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లిలో పెద్దలు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఆడోళ్లు నైటీ వేసుకోకూడదు, వేసుకుంటే 2000 జరిమానా, చూసి చెప్పినోళ్లకి 1000 బహుమతి అని పెట్టినారు. అధికారులు ఊర్లోకి పోయి అట్లా జరిమానా వేసే హక్కు మీకు లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ ఊరి ఆడోళ్లు కొందరు ఇది మేమే కోరుకున్నాం అని కూడా అన్నారు, అది కూడా చెప్పాల కదా. నవీ ముంబై దగ్గర గోఠివలీలో అయితే 2014లో మహిళా మండలి వాళ్లే 500 జరిమానా పెట్టినారు. అంటే ఒక్క మగోళ్లే కాదు, ఆడోళ్లు కూడా ఆడోళ్ల మీద పెడతారు.

ఇంగ ఫోటోలు తీసి గ్రూపులో పెడతాం అన్నారే, అది మాత్రం ఊరుకోవద్దు. 2020లో చైనాలో అన్హుయ్ రాష్ట్రం సుజౌ అనే ఊర్లో అధికారులే పైజామాలతో రోడ్డు మీద తిరిగినోళ్ల కెమెరా ఫోటోలు పేర్లతో సహా ఆన్‌లైన్‌లో పెట్టినారు, జనం తిట్టిన తిట్లకి తప్పయిందని చెప్పుకున్నారు. అంత పెద్ద సర్కారే తప్పు ఒప్పుకుంటే మీ కాలనీ వాళ్లకి ఎవరిచ్చినారు ఆ హక్కు? ఆ కాగితాన్ని మీరు ఫోటో తీసి పెట్టుకోండి.

పాత_మాట:

వీధి వరకు ఓకే. బజారుకి, ఆస్పత్రికి, గుడికి నైటీతో వచ్చేవాళ్లను చూస్తే నాకు నచ్చదు, నేను కూడా ఆడదాన్నే. ఎక్కడికి ఏది అనేది మనకే తెలియాల.

హంద్రి_ఒడ్డు:

అమ్మా, నాకు అరవై దాటినాయి, మనవరాలు టైపు చేస్తాంది. నైటీ అంటే నాకు 2009 అక్టోబరే గుర్తొస్తాది. తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి పొంగి కర్నూల్లోకి నీళ్లు వచ్చినాయి కదా, మేము పక్కింటి మిద్దె మీదికి ఎక్కినాం. నా ఒంటి మీద ఉండేది ఒక నైటీ, చేతికందింది ఒక దుప్పటి. రెండు రోజులు అదే బట్ట, తడిసి, ఆరి, మళ్లీ తడిసి. ఆ మిద్దె మీద ముప్పై మంది దాకా ఉన్నాము, తెలిసినోళ్లు తెలీనోళ్లు, మగోళ్లు ఆడోళ్లు. నా ఎదురుగా ఎప్పుడూ తల ఎత్తని ఒక కొత్త కోడలు, ఆ పిల్ల కూడా నైటీనే, నా దుప్పట్లో సగం ఆ పిల్లకి కప్పినా. కిందికి దిగినాక మోకాలి లోతు బురదలో అదే నైటీ ఎత్తి కట్టుకొని ఇల్లు కడుక్కున్నాము. ఎవురూ ఎవురి బట్ట చూడలేదమ్మా. దాని ముందు నేను గడప దాటితే చీరే. ఆ తర్వాత నుంచి నాకు ఆ భయం పోయింది, నైటీతోనే పాల ప్యాకెట్టుకి పోతా. మా కోడలు పోతే కూడా ఏమీ అనను. నీ కూతురు చిన్నది, దాని మాటకి ఏడవొద్దు.

కల్లూరు_కోడలు:

అందరికీ థాంక్స్, ఒక్కొక్కటి రెండు మూడు సార్లు చదివినా. అవ్వా, మీరు రాసింది మా అత్తకు చదివి వినిపించినా, ఆమె కూడా ఆ వరదలో మిద్దె ఎక్కిందే, శానా సేపు మాట్లాడలేదు.

టీచర్ గారూ మీరు చెప్పినట్టే అడిగినా. వ్యాన్లో అయిదో తరగతి పిల్ల ఒకతె "మీ అమ్మ ఇప్పుడే నిద్ర లేచిందా, సోమరిదా" అన్నిందంట. అది విన్నాక నాకు నైటీ సంగతి పక్కకు పోయింది, సోమరి అన్న మాటే లోపల కుచ్చుకుంది. మా పాపకు నేను నాలుగున్నరకే లేస్తానని తెలీనే తెలీదు, అది లేచేసరికి బిందెలన్నీ నిండి ఉంటాయి కదా. ఆదివారం దాన్ని కూడా లేపినా, కళ్లు నులుముకుంటా వచ్చి చిన్న బిందె పట్టుకొని నా వెనకాలే నాలుగు సార్లు తిరిగింది, అయిదోసారికి అరుగు మీదే నిద్రపోయింది. అయినా సోమవారం మాత్రం డ్రెస్ వేసుకొని రా అన్నింది, ఆ రోజు వ్యాన్లో పెద్ద పిల్లలు ఎక్కువ ఉంటారంట. సరే అన్నా. సోమవారం డ్రెస్సు, మిగతా రోజులు నైటీ, మా ఇద్దరికీ ఒప్పందం.

కాగితం సంగతి మా వీధి నుంచి ఆరుగురం పోయి అడిగినాము. ఫోటోల మాట కొట్టేసినారు, పెన్నుతో గీత గీసినారు. మిగతాది అట్లే ఉంది. లుంగీ బనియన్ కూడా రాయండి అని మా పక్కింటి వదిన అంటే చూద్దాంలే అన్నారు, మళ్లీ పోతాము.

టైలరమ్మక్కా, ఒక డౌటు. రెండు కాటన్ ముక్కలు తీసుకున్నా, ఎండకి పట్టి చూసే తీసుకున్నా, ఒకటి ముదురు మెరూన్. ఫోను, తాళంచెవి పెట్టుకోడానికి జేబు ఏ వైపు పెట్టించుకోవాల? బిందె నేను కుడి చంకలో పెట్టుకుంటా.

అనంత_టైలరమ్మ:

అయితే ఎడమ వైపే పెట్టించుకో చెల్లీ, సైడు కుట్టులో కలిపి లోపలికి పోయేటట్టు, పైన అతికిస్తే బరువుకి గుడ్డ వేలాడతాది. లోతు ఎనిమిది అంగుళాలకి తగ్గొద్దు, లేకుంటే కొళాయి కాడ వంగినప్పుడు ఫోను పోయి నీళ్లలో పడతాది. మెరూన్ గుడ్డ ముందు ఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఆరినాకనే కోతకు ఇయ్యి.