పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయని వదిలేయొచ్చా?

చిన్నివాళ్ళమ్మ_గుంటూరు: పాపకి మూడున్నరేళ్ళు. పైన ముందు పళ్ళు నాలుగూ గోధుమరంగుకి తిరిగి అంచులు విరుగుతున్నాయి. రాత్రిళ్ళు పంచదార పాలసీసా నోట్లో పెట్టుకునే పడుకునేది, తప్పు నాదే. పాలపళ్ళేగా, ఊడిపోతాయిలే అంటున్నారు అత్తయ్య. ఇప్పుడే చూపించాలా? ఏ పేస్టు వాడుతున్నారు? కిచిడీ కూడా నమలట్లేదు.

ఇద్దరు_పిల్లల_నాన్న: ఊడిపోతాయనే మేమూ ఊరుకున్నామండీ. అయిదేళ్ళప్పుడు మావాడికి దవడ పన్ను పుచ్చి అర్ధరాత్రి బుగ్గ బూరెలా వాచింది, జ్వరం, తెల్లార్లూ ఏడుపే, చివరికి పన్ను పీకేశారు. దవడ పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలట, ముందే పోతే పక్కవి జరిగి కొత్త పన్నుకి చోటుండదని కమ్మీ లాంటిది పెట్టారు. ఆగకండి.

నల్గొండ_బిడ్డ: ఫ్లోరైడ్ పేస్టు మాత్రం పెట్టకుర్రి అక్కా. మాది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి మా తాత నడుము వంగిపోయింది, నా పళ్ళు ఇప్పటికీ గారలే.

పిల్లల_పళ్ళ_డాక్టర్: 12 ఏళ్ళుగా పిల్లల పళ్ళే చూస్తున్నా. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగడం వేరు, పేస్టు వేరు. 1000 పీపీఎం (ఫ్లోరైడ్ మోతాదు, ట్యూబు మీద ఉంటుంది) పేస్టు మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత, పెద్దవాళ్ళే తోమాలి. తెలియకుండా భయపెట్టకండి.

నల్గొండ_బిడ్డ: తెలియకనా? మా తాత మంచంల పడి మూలుగుతుంటే మీరు చూసిర్రా? చిన్న పోరగాళ్ళు ఉమ్ముతరా, మింగుతరు!

పిల్లల_పళ్ళ_డాక్టర్: మింగుతారనే గింజంత అన్నాను. మీ తాతగారి బాధని తక్కువ చేయట్లేదు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి.

నల్గొండ_బిడ్డ: ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్ళొస్తున్నయి, గది నిజమే. భయం మాత్రం పోతలేదు.

వరంగల్_అమ్మమ్మ: మా కాలంల వేపపుల్లే, ఒక్క పన్ను పుచ్చలే.

ఇద్దరు_పిల్లల_నాన్న: అప్పుడు పూటపూటకీ బిస్కట్లు, చాక్లెట్లు లేవు కదమ్మా!

న్యూజెర్సీ_తెలుగమ్మాయి: ఇక్కడ మొదటి పుట్టినరోజు లోపే డెంటిస్టుకి చూపించమంటారు. మేం నాలుగు పళ్ళున్నప్పుడు వెళ్ళాం, ఒళ్ళో పడుకోబెట్టి రెండు నిమిషాల్లో చూసేశారు. ఇప్పుడు ఆరేళ్ళు, కుర్చీ ఎక్కి తనే నోరు తెరుస్తుంది.

చిన్నివాళ్ళమ్మ_గుంటూరు: సాయంత్రం వెళ్ళొచ్చాం. పుచ్చు ఆగడానికి మందు రాస్తే అక్కడ నల్లగా అవుతుందట, సరేనన్నాను. అత్తయ్య కూడా వచ్చారు. సీసా మాన్పించడమే కష్టంగా ఉంది, రాత్రి ఏం చేసి పడుకోబెట్టారు మీరు?