టెక్సస్‌లో ఏసీ కాంట్రాక్టర్ లైసెన్సు: కువైట్ అనుభవం లెక్కలోకి వస్తదా?

ప్రశ్న, ఫ్రిస్కో నుంచి

అన్నలందరికీ నమస్తే. మాది జగిత్యాల. ఐటీఐలో రిఫ్రిజరేషన్ ట్రేడు చేసిన, తర్వాత కువైట్‌ల చిల్లర్లు (పెద్ద బిల్డింగులను చల్లబరిచే యంత్రాలు), ప్యాకేజ్ యూనిట్లు, స్ప్లిట్ల మీద పని. మా అన్న పెట్టిన గ్రీన్ కార్డు వచ్చి కుటుంబంతో ఇక్కడ దిగినం. సొంతంగ ఏసీ పని పెట్టుకోవాలంటే ఏమేం కావాలె? చుట్టుపక్కల మనోళ్ల ఇండ్లే చానా ఉన్నయి, వాటితోనే నడుస్తదా?

జవాబు, ప్లేనో నుంచి

గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పని చేసే హక్కు గురించి బెంగ లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లెవరైనా ఇది చదివి శని, ఆదివారాల్లో మొదలుపెట్టేరు, జాగ్రత్త. మీ వీసాకి ఇది కుదరదు.

టెక్సస్‌లో ఈ పనికి లైసెన్సు ఇచ్చేది టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ. కాంట్రాక్టర్ లైసెన్సు రెండు తరగతులు. క్లాస్ బీ అయితే 25 టన్నుల వరకు కూలింగ్, గంటకు 15 లక్షల బీటీయూల వరకు హీటింగ్. క్లాస్ ఏకి పరిమితి లేదు. మీకు చిల్లర్ల అనుభవం ఉంది గనక ఎప్పటికైనా క్లాస్ ఏ రాయడమే మేలు. ఇళ్లే చేస్తానంటే బీ చాలు.

అసలు అడ్డంకి పరీక్ష కాదు, అనుభవం. దరఖాస్తుకు ముందు 72 నెలల్లో 48 నెలల పని చూపించాలి, అదీ లైసెన్సున్న కాంట్రాక్టర్ పర్యవేక్షణలో చేసింది. కువైట్ కంపెనీ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్ ఆ ఫారంలో ఇమడదు. అది మీకు మంచి జీతంతో ఉద్యోగం ఇప్పిస్తుంది, అంతవరకే.

కాబట్టి మొదటి వారంలోనే రెండు పనులు. ఒకటి, టీడీఎల్ఆర్ దగ్గర రిజిస్టర్డ్ టెక్నీషియన్‌గా నమోదు. ఫీజు 20 డాలర్లు, పరీక్ష లేదు, ఏటా రెన్యూవల్. అది లేకుండా కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా కూడా పని చేయకూడదు. రెండు, ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) సెక్షన్ 608 సర్టిఫికెట్, అంటే రిఫ్రిజెరెంట్ (ఏసీలో నింపే గ్యాస్) ముట్టుకోవడానికి అనుమతి. కోర్‌తో పాటు టైప్ 1, 2, 3 మూడూ పాసైతే యూనివర్సల్ అంటారు. ఒక్కో భాగంలో 25 ప్రశ్నలు, 18 సరిగ్గా రాస్తే పాస్. జీవితాంతం చెల్లుతుంది. ఇది లేకపోతే షాపువాడు రిఫ్రిజెరెంట్ సిలిండర్ అమ్మడు. మీకు రెండు వారాల చదువు చాలు. ఓజోన్, రికవరీ చట్టం ప్రశ్నలు మాత్రం బట్టీ పట్టాల్సిందే.

జవాబు, అర్వింగ్ నుంచి

పైన చెప్పిందానికి ఒక చేర్పు. ఒక ఏడాది మిగిల్చే దారి ఉంది. మధ్యలో సర్టిఫైడ్ టెక్నీషియన్ పరీక్ష రాసి, ఆ సర్టిఫికెట్ 12 నెలలు చేతిలో ఉంటే, గడిచిన 48 నెలల్లో 36 నెలల పని చూపిస్తే సరిపోతుంది. నాలుగేళ్లు కాస్తా మూడేళ్లవుతాయి. ఎలాగూ పనిలోనే ఉంటారు కదా, ఆ పరీక్ష వాయిదా వేయకండి.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. పాత యజమాని తన లైసెన్సు నంబరు వేసి, మీరు ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా నా కింద చేశారని ఫారం మీద సంతకం పెట్టాలి. రోజుకింత అని చేతికి క్యాష్ ఇచ్చే చోట చేరితే ఆ నెలలన్నీ గాలికి పోయినట్టే. డబ్ల్యూ-2 (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను ఫారం), పే స్టబ్బులు (జీతం చీటీలు) దాచుకోండి. కంపెనీ మారేటప్పుడు ఆ రోజే సంతకం పెట్టించుకోండి. మూడేళ్ల తర్వాత వెతుక్కుంటూ వెళ్తే కంపెనీ అమ్ముడుపోయి ఉంటుంది, ఫోనెత్తే మనిషి కూడా ఉండడు. ఈ మధ్య పెట్టుబడి సంస్థలు చిన్న ఏసీ కంపెనీలను వరసపెట్టి కొంటున్నాయి కాబట్టి ఇది ఊరికే భయపెట్టడం కాదు.

అనుభవం నిండాక 115 డాలర్లతో దరఖాస్తు, ఆపైన పీఎస్ఐ అనే పరీక్షల కంపెనీ సెంటర్లో పరీక్ష. పుస్తకాలు తెరిచి రాయొచ్చు, 70 శాతం రావాలి. పుస్తకం తెరవొచ్చు కదా అని ధీమాగా వెళ్లేవాళ్లే తప్పుతారు, పేజీ వెతికేలోపు టైము అయిపోతుంది.

ఇన్సూరెన్సు: క్లాస్ బీకి ఒక్కో ఘటనకు లక్ష డాలర్లు, మొత్తం 2 లక్షలు. క్లాస్ ఏకి 3 లక్షలు, 6 లక్షలు. పని పూర్తయ్యాక బయటపడే నష్టానికి కూడా కవరేజీ ఉండాలి. ఏసీ పనిలో ఎక్కువ క్లెయిములు అక్కడే వస్తాయి, పైకప్పు తడిసేది మీరు వెళ్లిపోయిన మూడు వారాలకు.

జవాబు, మెకినీ నుంచి

లైసెన్సు గురించి అందరూ చెప్తారు గానీ, గల్ఫ్ నుంచి వచ్చిన మంచి పనివాడు ఇక్కడ మొదటి నెలలో ఎక్కడ తడబడతాడో చెప్తా తమ్ముడూ.

కరెంటు. ఇక్కడ 240 వోల్టులంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్ కాదు. రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది, ఎర్త్‌తో కొలిస్తే ఒక్కోదానికి 120. బయటి యూనిట్లలో చాలావాటికి సింగిల్ పోల్ కాంటాక్టరే, అంటే రెండింట్లో ఒక్క తీగనే తెంచే స్విచ్. కాబట్టి థర్మోస్టాట్ ఆపేసినా, ఫ్యాన్ ఆగిపోయినా, కంప్రెసర్ టెర్మినల్ దాకా ఒక లైను బతికే ఉంటుంది. గోడ మీది డిస్‌కనెక్ట్ పీకి, మీటరు పెట్టి సున్నా చూసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాలి.

గ్యాస్ ఫర్నేస్, అంటే గ్యాస్ మండించి ఇంట్లోకి వెచ్చగాలి పంపే యంత్రం. మన దగ్గర లేదు, కువైట్ ఇళ్లలో లేదు, ఇక్కడ మాత్రం చాలా ఇళ్లకు ఉంది. దాని వరస నోటికి రావాలి: థర్మోస్టాట్ పిలుపు, ఇండ్యూసర్ మోటారు, ప్రెషర్ స్విచ్, ఇగ్నైటర్ ఎర్రబడటం, గ్యాస్ వాల్వ్, మంట, ఫ్లేమ్ సెన్సర్, చివర్న బ్లోయర్. మంట అంటుకుని మూడు నాలుగు సెకన్లకే ఆరిపోతోందంటే ముందు ఫ్లేమ్ సెన్సర్ విప్పి సన్నటి స్టీల్ ఊల్‌తో తుడవండి, తర్వాతే బోర్డు మీద అనుమానం. న్యాచురల్ గ్యాస్ మ్యానిఫోల్డ్ ప్రెషర్ మామూలుగా 3.5 అంగుళాల నీటి మట్టం. హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందని తేలితే యూనిట్ ఆపేసి రాతపూర్వకంగా చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్ విషయంలో మొహమాటాలు వద్దు.

డక్టు. ఏసీ చల్లబడట్లేదంటే గ్యాస్ కొట్టడం మనవాళ్ల మొదటి అలవాటు. ఇక్కడ గేజులు పెట్టేముందు గాలి చూడాలి. టన్నుకు సుమారు 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి). ఫర్నేస్ ప్లేట్ మీద గరిష్ఠ స్టాటిక్ ప్రెషర్ (డక్టులో గాలికి ఎదురయ్యే ఒత్తిడి) సాధారణంగా 0.5 అంగుళాల నీటి మట్టం అని ఉంటుంది. కొలిస్తే 0.8, 0.9 వచ్చే ఇళ్లు కొల్లలు: రిటర్న్ (గది గాలి వెనక్కి వచ్చే దారి) చిన్నది, దానికి తోడు ఇంటాయన అలర్జీ అని అంగుళం మందం మెర్వ్ 13 (సన్నటి దుమ్మును కూడా ఆపే రకం) ఫిల్టర్ బిగించి ఉంటాడు. ఆ స్థితిలో గ్యాస్ కొడితే కాయిల్ గడ్డకట్టడం ఆగదు, కంప్రెసర్ పోతుంది.

అటక మీది డ్రెయిన్. కాయిల్ కింద ముప్పావు అంగుళం పీవీసీ నాచు పట్టి మూసుకుపోతుంది. కింద రెండో ట్రే, దాంట్లో ఫ్లోట్ స్విచ్. నీళ్లు చేరి స్విచ్ ఏసీని ఆపేస్తే, "ప్రస్తుతానికి నడవనీ" అని ఆ రెండు తీగలు కలిపేసి వచ్చేవాళ్లున్నారు. కింద పడకగది సీలింగ్ ఊడిపడితే లైసెన్సు నంబరు మీదే.

కొత్త బ్రేకరు, కొత్త సర్క్యూట్ ఎలక్ట్రీషియన్ పని. కొత్త గ్యాస్ లైను ప్లంబర్ పని. ఆ రెండూ మీద వేసుకోకండి. సిస్టమ్ మార్చినప్పుడు సిటీ పర్మిట్ తీయాలి. పర్మిట్ లేకుండా తక్కువకి చేయమని అడిగే కస్టమర్ రేపు ఇల్లు అమ్ముకునేటప్పుడు ఇన్స్పెక్షన్‌లో పట్టుబడితే మీ పేరే చెప్తాడు.

ప్రశ్న, ఫ్రిస్కో నుంచి

శానా కృతజ్ఞతలు అన్నా. ఇంకొకటి. ఒకాయన తన లైసెన్సు నంబర్ మీద నన్ను పని చేసుకోమన్నడు, నెలకింత ఇస్తే చాలన్నడు. అట్ల నడుస్తదా? ఇంగ, అప్పటిదాకా వాట్సాప్ గ్రూపుల చిన్న చిన్న రిపేర్లు చేస్త అని పెట్టొచ్చా?

జవాబు, ప్లేనో నుంచి

రెండూ కుదరవు. లైసెన్సు ఒక కంపెనీకే కేటాయించాలి, ఆ మనిషి ఆ ఆఫీసులో పూర్తికాలం పని చేస్తుండాలి. నంబరు అద్దెకిస్తే ఆయన లైసెన్సుకూ ఎసరు, రేపు మీ దరఖాస్తుకూ మచ్చ. అదే ఆయన మిమ్మల్ని ఉద్యోగిగా పేరోల్ మీద పెట్టుకుంటే చట్టబద్ధం, నెలలూ కలిసొస్తాయి. అలా అడిగి చూడండి. ఒప్పుకోకపోతే ఆయన ఉద్దేశం ఏమిటో తెలిసిపోయినట్టే.

వాట్సాప్ సంగతి: లైసెన్సు లేకుండా పని చేస్తానని ప్రకటించడమూ ఉల్లంఘనే. జరిమానా రోజుకు 5,000 డాలర్ల దాకా వేసే అధికారం టీడీఎల్ఆర్‌కి ఉంది. గ్యారేజీలో మినీ స్ప్లిట్ బిగించడం చిన్న పనే కదా అనుకుంటారు. పైపు లైను కలిపి యూనిట్లోకి రిఫ్రిజెరెంట్ వదిలితే అది లైసెన్సు పనే.

జవాబు, కేటీ నుంచి

మార్కెట్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

బీఎల్ఎస్ (కేంద్ర కార్మిక గణాంకాల శాఖ) లెక్కల్లో 2024 మేలో ఈ పనివాళ్ల మధ్యస్థ వేతనం ఏడాదికి 59,810 డాలర్లు. దేశమంతటి లెక్క అది. మీ చేతి పనితో త్వరగానే అందుకుంటారు కాబట్టి మూడు నాలుగేళ్లు ఉద్యోగం చేయడం నష్టమేమీ కాదు.

యంత్రాలు మారుతున్న కాలం ఇది. ఆర్-410ఏ అనే రిఫ్రిజెరెంట్‌తో కొత్త ఇంటి ఏసీల తయారీ 2025 జనవరి 1తో ఆగిపోయింది. ఇప్పుడు ఆర్-454బి, ఆర్-32. రెండూ కొద్దిగా మండే రకం: సిలిండర్‌కి ఎడమ మర, కాయిల్ దగ్గర లీక్ సెన్సర్, రికవరీ మెషీన్ కూడా వాటికి పనికొచ్చేదే కొనాలి. పాత 410ఏ యూనిట్లో వీటిని నింపకూడదు. ఆర్-32 మన దేశంలో స్ప్లిట్లలో ఎప్పటి నుంచో ఉన్నదే, ఇక్కడి పాతవాళ్లకంటే ఆ విషయంలో మీరే ముందున్నారు. 2025 వేసవిలో ఆర్-454బి సిలిండర్లు దొరక్క చాలామంది చేతులు కట్టుక్కూర్చున్నారు. సీజన్‌కి ముందే రెండు మూడు పక్కన పెట్టుకోవడం మంచిది. హీట్ పంపుల (చలికాలం వేడి కూడా ఇచ్చే ఏసీలు) మీద ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఎస్టిమేట్‌లో ఇంకా ఆ 2,000 డాలర్లు చూపిస్తే కస్టమర్ పన్ను కట్టేరోజు మీకు ఫోన్ చేస్తాడు.

మనవాళ్ల ఇళ్లతోనే నడుస్తుందా అంటే, మొదలవుతుంది గానీ దాంతోనే నిలబడదు. ఒకరికి బాగా చేస్తే గ్రూపులో పదిమందికి చెప్తారు, అది నిజం. రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఒక్కసారి చూసిపో బాబాయ్" అనేదీ వాళ్లే. సర్వీస్ కాల్ చార్జీ ముందే చెప్పండి, తెలిసినవాళ్లకైనా. మే నుంచి సెప్టెంబరు దాకా ఊపిరాడదు, అక్టోబరులో ఫోన్ మోగదు. ఏడాదికి రెండుసార్లు చూసే మెయింటెనెన్స్ ఒప్పందాలే ఆ ఖాళీ నెలల్లో వ్యాన్ కిస్తీ కడతాయి. హోమ్ వారంటీ కంపెనీల పని తేలిగ్గా దొరుకుతుంది. వాళ్లిచ్చే రేటుకి పెట్రోలు, పార్టు తీసేస్తే ఏం మిగులుతుందో ముందు కాగితం మీద వేసుకోండి.

మన కిరాణా షాపులు, బిర్యానీ హోటళ్ల వాక్-ఇన్ కూలర్లు మంచి పనే. దానికి కమర్షియల్ రిఫ్రిజరేషన్ ఎండార్స్‌మెంట్ (లైసెన్సులో ఆ పనికి విడి అనుమతి) వేరే రాయాలి. అక్కడ ఇంకో తేడా: కమర్షియల్ రిపేరులో లేబర్ మీద కూడా సేల్స్ ట్యాక్స్ వసూలు చేయాలి, ఇంటి రిపేరులో లేబర్ విడిగా చూపిస్తే దాని మీద లేదు. ఈ తేడా తెలియక కొత్తవాళ్లు తమ జేబులోంచి కట్టుకుంటారు.

జవాబు, మెకినీ నుంచి

హీటింగ్ వైపు చేయి తిరగాలంటే అలెన్‌లో కాలిన్ కాలేజ్ టెక్నికల్ క్యాంపస్‌లో కోర్సు ఉంది, కనుక్కోండి. పనిముట్లు ఇప్పుడే వేలకు వేలు పోసి కొనొద్దు, కంపెనీ పెద్దవి ఇస్తుంది. మీ సొంతానికి మైక్రో ఆంపులు చూపే మంచి మీటరు, స్టాటిక్ ప్రెషర్ చూసే మానోమీటరు, వ్యాక్యూమ్ కొలిచే మైక్రాన్ గేజు చాలు. వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపాక అక్కడే నిలవాలి. అరగంట పంపు నడిపాను కదా అంటే ఇక్కడ ఒప్పుకోరు. లైసెన్సు వచ్చాక వ్యాన్‌కి రెండు వైపులా కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, కనీసం రెండంగుళాల అక్షరాలతో. అప్పటిదాకా వ్యాన్ కొనకండి.