చెట్లు, వాగు పోకుండా లేఅవుట్ వేసుకోవచ్చా?

ప్రశ్న: మా కుటుంబానికి 20 ఎకరాల నేల ఉంది. ఒక పక్క చిన్న వాగు, మధ్యలో పెద్ద చెట్ల గుంపు. డిజైనర్ అరెకరం చొప్పున 32 ప్లాట్లు గీసిచ్చారు. ఆ గీతల ప్రకారం పోతే చెట్లన్నీ కొట్టేయాలి, వాగు ముక్కలై నలుగురి పెరళ్లలో కలిసిపోతుంది. ఇళ్ల సంఖ్య తగ్గకుండా వీటిని కాపాడుకునే దారి ఉందా?

జవాబు 1: ఉందండీ. సంఖ్య అలాగే ఉంచి ప్లాటు సైజు తగ్గించండి. పావెకరం చొప్పున 32 అంటే 8 ఎకరాలు. ఇళ్లు దగ్గరవుతాయి కాబట్టి రోడ్డు పొడవూ తగ్గుతుంది. రోడ్లకు 3 ఎకరాలు పోయినా ఇంకా 9 ఎకరాలు మిగులుతాయి. అమెరికన్ ప్లానర్ రాండల్ ఆరెంట్ ఈ పద్ధతికి ఒక వరుస చెప్పారు. ముందు కాపాడాల్సిన నేలను గుర్తించాలి. తర్వాత ఇళ్లు ఎక్కడో చూసుకోవాలి. ఆ ఇళ్లను కలుపుతూ రోడ్లు వేయాలి. ప్లాటు హద్దులు గీసేది చిట్టచివర. మీ డిజైనర్ హద్దులతోనే మొదలుపెట్టినట్టున్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

అయితే ఒక్క మాట. మీ దగ్గర ప్లాటు పావెకరం కంటే పెద్దదిగా ఉండాలన్న నిబంధన ఉంటే ఇది కుదరదు. గీయించే ముందే అనుమతులిచ్చే ఆఫీసులో అడగండి.

ప్రశ్న: చాలా థాంక్సండీ. ఆ చెట్ల పక్కనే రోడ్డు వస్తే ఫరవాలేదా? కొమ్మలకు తగలకుండా వేస్తామంటున్నారు.

జవాబు 2: దయచేసి ఒప్పుకోకండి. చెట్టుకు ప్రాణం వేళ్లలో ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. మేం ఇల్లు కట్టినప్పుడు కాంట్రాక్టర్ పెద్ద చెట్టును ముట్టుకోలేదు. చుట్టూ రెండడుగుల మట్టి పోసి చదును చేశాడంతే. వేళ్లకు గాలి ఆడలేదు. వెంటనే ఏమీ తెలియలేదు, నాలుగో ఏడు నిలువునా ఎండిపోయింది. ఇప్పటికీ ఆ ఖాళీ చూస్తే మనసు కలుక్కుమంటుంది.

లెక్క సులువే. ఛాతీ ఎత్తులో మాను అడ్డుకొలత తీసుకుని 12తో గుణించండి. మాను 60 సెంటీమీటర్లుంటే చుట్టూ 7.2 మీటర్ల దాకా తవ్వకూడదు, మట్టి పోయకూడదు, లారీ నిలపకూడదు, ఇసుక, ఇటుక కుప్పలు వేయకూడదు. మొదటి యంత్రం రాకముందే అక్కడ గట్టి కంచె వేయించండి. రిబ్బను కట్టి వదిలేస్తే ఎవరూ ఆగరు. నీళ్ల పైపులు, కేబుళ్ల కందకాలు కూడా ఆ గీత బయటే ఉండాలి. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

జవాబు 1: వాన నీటి గురించి కూడా ఒక మాట. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 1970లలో కార్బెట్ దంపతులు విలేజ్ హోమ్స్ అనే కాలనీ కట్టారు. అక్కడ వాన నీటిని భూగర్భ పైపుల్లోకి పంపకుండా, గడ్డి పెరిగే లోతులేని కాలువల్లో పారించి నేలలోకి ఇంకేలా చేశారు. రోడ్లు సన్నగా ఉంచి ఉమ్మడి పచ్చిక వదిలారు. మీ వాగుకు ఇరువైపులా ఉన్న నేలను కూడా ఇలాగే అందరిదిగా ఉంచేయండి.

ప్రశ్న: మిగిలిన 9 ఎకరాలు ఎవరి పేరున ఉండాలి? పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు అమ్మేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 2: ఇంటి యజమానుల సంఘం పేరున పెట్టండి. ఆ నేలలో ఎప్పటికీ కట్టడాలు రాకూడదన్న షరతు ప్రతి ప్లాటు దస్తావేజులోనూ రాయించండి. నోటిమాట నిలవదు. ఇది ఎలా రాస్తే చెల్లుతుందో భూమి వ్యవహారాలు చూసే లాయరును అడగండి, ప్రతి చోటా చట్టం వేరు. ఈలోగా పెద్ద వాన పడినప్పుడు ఒకసారి స్థలమంతా నడిచి, నీళ్లు ఎటు పారుతున్నాయో మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. కొత్త డ్రాయింగుకు ముందు డిజైనర్ చేతికి ఇవ్వాల్సింది అదే.