2 టీబీ పెన్ డ్రైవ్‌లో ఫోటోలు తెరుచుకోవడం లేదు, ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడాలి?

నంద్యాల ఫిజిక్స్ టీచర్

అందరికీ నమస్కారం. నంద్యాల దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కంప్యూటర్ ల్యాబ్ తాళాలు కూడా నా దగ్గరే ఉంటాయి. పోయిన నెల మా స్కూల్ వార్షికోత్సవం జరిగింది. ఫోటోలు, పిల్లల డాన్సుల వీడియోలు కలిపి 90 జీబీ దాకా వచ్చాయి. ఆన్‌లైన్లో 2 టీబీ పెన్ డ్రైవ్ 699 రూపాయలకే కనిపిస్తే తెప్పించి అందులోకి కాపీ చేశాను. మధ్యలో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అయిపోయింది కదా అని కెమెరాలో కార్డు ఫార్మాట్ కొట్టాను.

నిన్న తల్లిదండ్రులకు చూపిద్దామని తెరిస్తే మొదట కాపీ చేసినవి బాగానే వస్తున్నాయి. ఆ తర్వాతవి ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ఫైళ్ల పేర్లున్నాయి, సైజులున్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు. పదో తరగతి పిల్లలకు ఇదే చివరి వార్షికోత్సవం. రాత్రంతా నిద్ర లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. పెన్ డ్రైవ్‌ను బాగుచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

ఇంకో సంగతి. తొమ్మిదో తరగతిలో నలుగురైదుగురికి కంప్యూటరంటే ప్రాణం. సాయంత్రం బెల్లు కొట్టినా ఇంటికి కదలరు. వాళ్ల కోసం ల్యాబ్‌లో పెట్టదగ్గ ఫ్రీ టూల్స్, చిన్న చిన్న గాడ్జెట్లు చెప్పండి. రెండు వేల లోపు అయితే నేనే పెట్టుకోగలను.

రాజమండ్రి సర్వీస్ షాపు

మేడమ్, ముందు ఒక పని చేసి మిగతాది తర్వాత చదవండి. కెమెరాలోంచి కార్డు బయటికి తీసి, దాని పక్కనుండే చిన్న బుడిపెను లాక్ వైపు జరపండి. ఆ కార్డుతో ఇక ఒక్క ఫోటో కూడా తీయకండి. మీ ఆశ అంతా ఆ కార్డులోనే ఉంది, పెన్ డ్రైవ్‌లో లేదు.

ఆ పెన్ డ్రైవ్ చెడిపోలేదండి. అది తయారైనప్పుడే అబద్ధం. లోపల ఏ 32 జీబీ చిప్పో ఉంటుంది, దాన్ని నడిపే కంట్రోలర్ అనే భాగానికి మాత్రం కంప్యూటర్ అడిగినప్పుడు "2 టీబీ" అని చెప్పమని రాసి పెడతారు. ఫైళ్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది, అది నిజం చిప్‌లో పడుతుంది, అందుకే పేర్లు, సైజులు చక్కగా కనిపిస్తాయి. చోటు అయిపోయాక వచ్చిన డేటాను కొన్ని డ్రైవ్‌లు పారేస్తాయి, కొన్ని మళ్లీ మొదటి నుంచి పాతదాని మీదే రాస్తాయి. మీది మొదటి రకంలా ఉంది, అందుకే ముందు కాపీ అయినవి మిగిలాయి. పారేసిన డేటా ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ వెనక్కి రాదు, ఎందుకంటే అది ఎక్కడా రాయబడలేదు. దీనికోసం డబ్బులు అడిగే రికవరీ సాఫ్ట్‌వేర్లు కొనకండి.

ఇప్పుడు కార్డు సంగతి. కెమెరాలో ఫార్మాట్ కొడితే చాలా కెమెరాలు పట్టికను మాత్రమే కొత్తగా రాస్తాయి, ఫోటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫోటోరెక్ అని ఒక ఫ్రీ టూల్ ఉంది, టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ రాసినది, ఓపెన్ సోర్స్. అది పట్టికను పట్టించుకోదు, కార్డును మొదటి నుంచి చివరి వరకు చదువుకుంటూ ఫోటో మొదలయ్యే గుర్తు కోసం వెతుకుతుంది. కెమెరాలు మామూలుగా ఫోటోలు దాచే జేపెగ్ రకం ఫైలు ప్రతిదీ ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతోనే మొదలవుతుంది. ఆ గుర్తు దొరికిన చోటల్లా ఒక ఫోటోను బయటికి లాగుతుంది. అదే జిప్‌లో క్యూఫోటోరెక్ కూడా ఉంటుంది, బటన్లతో పని జరుగుతుంది కాబట్టి మీకు అదే తేలిక. బయటికి తీసినవాటిని కార్డులో కాకుండా ల్యాప్‌టాప్ డిస్క్‌లో పెట్టమని చెప్పడం మాత్రం మర్చిపోవద్దు.

రెండు విషయాలు ముందే చెబుతాను, తర్వాత బాధపడకూడదని. ఫైళ్ల పాత పేర్లు రావు, ఎఫ్ అక్షరం తర్వాత పొడుగాటి అంకెలుంటాయి. తీసిన తేదీ ఫోటో లోపలే ఉంటుంది కాబట్టి ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటో టూల్‌లో బ్యాచ్ రీనేమ్ పెట్టి తేదీల వారీగా పేర్లు మార్చుకోవచ్చు. వీడియోలు కార్డులో ముక్కలు ముక్కలుగా పడి ఉంటే కొన్ని సరిగ్గా రాకపోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2014లో మా షాపుకి ఒక ఫోటో స్టూడియో వాళ్లు హార్డ్ డిస్క్ తెచ్చారు. టిక్ టిక్‌మని శబ్దం చేస్తోంది. నేను దానికి విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డిస్క్ పూర్తిగా ఆగిపోయింది. అందులో ఒక పెళ్లి మొత్తం ఉంది. ఆ పెళ్లికూతురు తండ్రి అప్పటికే కాలం చేశారు, ఆయన కన్యాదానం చేస్తున్న ఫోటోలు ఇంకెక్కడా లేవు. తప్పు నాదే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను రిపేర్ చేయబోకూడదు, ముందు ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్క్‌లోకి తీసుకోవాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఫ్రీ టూల్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. తేలిగ్గా చదవగలిగిన భాగాలు ముందు లాగేసి, మొండి చోట్లకు చివర్లో వెళ్తుంది, ఎక్కడ ఆగిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. అప్పటి నుంచి షాపులో ఏ డిస్క్ వచ్చినా మొదటి పని అదే.

మీ తొమ్మిదో తరగతి పిల్లలకూ నేను ఇలాంటివే ఇస్తాను. కంప్యూటర్‌కి హంగులద్దే సాఫ్ట్‌వేర్లు వాళ్లే వెతుక్కుంటారు. వస్తువు చెప్పేది నిజమా కాదా తేల్చే టూల్స్ మనం చూపించాలి. మీరు ఫిజిక్స్ చెబుతారు కాబట్టి మీ చేతిలో ఇంకా బాగుంటాయి.

మొదటి ప్రయోగానికి ఆ 699 రూపాయల డ్రైవే ఉంది కదా. బాగున్న ఫోటోలు వేరే చోటికి కాపీ చేసుకుని డ్రైవ్‌ను ఖాళీ చేయండి. జర్మనీలోని సీటీ పత్రిక వాళ్లు ఇచ్చే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న టూల్ ఉంది. ఖాళీ చోట్లో 1 జీబీ ఫైళ్లు వరుసగా రాసి, మళ్లీ చదివి సరిపోల్చుతుంది. మొత్తం 2 టీబీ రాయమనకండి, సెకనుకు 10 ఎంబీ వేగమైతే రాయడానికే 55 గంటలు పడుతుంది. 64,000 ఎంబీ అని ఇవ్వండి, చాలు. ఆ 55 గంటలు ఎలా వచ్చాయో పిల్లల చేతే లెక్క వేయించండి.

రెండోది యూఎస్‌బీ మీటర్. బొటనవేలంత ఉంటుంది, ఛార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో చూపిస్తుంది. నేను 350కి కొన్నాను. పిల్లలను తలా ఒక ఛార్జింగ్ కేబుల్ ఇంటి నుంచి తెమ్మనండి. ఒకే ఛార్జర్, ఒకే ఫోన్, కేబుల్ మాత్రం మార్చుతూ పోండి. సన్నని తీగలున్న రెండు మీటర్ల కేబుల్‌తో ఫోన్ ఎందుకు నెమ్మదిగా ఎక్కుతుందో కళ్లముందే తెలుస్తుంది. కేబుల్ నిరోధం 0.5 ఓం ఉంటే 1 ఆంపియర్ దగ్గర అర వోల్టు అందులోనే పోతుంది. ఓమ్ నియమం నేను చదువుకునే రోజుల్లో బట్టీ పట్టాను, అర్థమైంది మాత్రం ఈ మీటర్ కొన్నాకే.

టీ వేడిగా ఉంచే యూఎస్‌బీ ప్లేటు గురించి కూడా పిల్లలు అడుగుతారు, ఆన్‌లైన్లో అందరికీ కనిపిస్తుంది. కొనేముందు లెక్క వేయించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. 150 గ్రాముల టీ ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 630 జౌళ్లు కావాలి. చుక్క వేడి బయటికి పోకపోయినా డిగ్రీకి 252 సెకన్లు. ఈలోపు టీ అంతకంటే వేగంగా చల్లారిపోతుంది. అదే డబ్బు పెట్టి హార్డ్ డిస్క్‌కుండే సాటా కనెక్టర్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొనుక్కోండి. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్ డిస్క్ దానికి తగిలిస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్ అవుతుంది.

ల్యాబ్‌లోని ప్రతి సిస్టమ్‌లో డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్ వేయండి. నీలం అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త పడమన్నట్టు. డిస్క్‌లో పాడైన, చదవలేని చోట్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి, హార్డ్ డిస్క్ అయితే వాటిలో సున్నా ఉండాలి. అంకెలు మామూలుగా పదహారు ఆధారంలో చూపిస్తుంది, మెనూలో డెసిమల్‌కి మార్చుకోవచ్చు.

మీకోసం ఒకటి. ప్రొజెక్టర్ మీద పాఠం చెబుతుంటే జూమ్‌ఇట్ అనే టూల్ చాలా ఉపయోగం. మార్క్ రుసినోవిచ్ రాసిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటి, 2006 నుంచి అవన్నీ మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్నాయి, ఫ్రీగానే ఇస్తున్నారు. కంట్రోల్ 1 నొక్కితే స్క్రీన్ పెద్దదవుతుంది, కంట్రోల్ 2 నొక్కితే స్క్రీన్ మీదే గీయొచ్చు. చివరి బెంచీ వాళ్లకూ కనిపిస్తుంది.

బెజవాడ డీటీపీ

అన్న చెప్పింది నిజం మేడమ్, ముందు కార్డు లాక్ చేయండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కంటే త్వరగా తేలాలంటే వాలిడ్రైవ్ చూడండి, స్టీవ్ గిబ్సన్ చేసినది. డ్రైవ్ అంతటా 576 చోట్ల రాసి, చదివి చూస్తుంది. ఎక్కడ నిజంగా మెమరీ ఉందో, ఎక్కడ లేదో గళ్లలో రంగులతో కనిపిస్తుంది. కొత్త పెన్ డ్రైవ్ ఏది కొన్నా కవర్ చింపగానే దీంతో చూస్తాను, తేడా ఉంటే వాపసు గడువులోనే తిప్పి పంపేస్తాను.

నా పనిలో నేను వదల్లేని టూల్, ఫైళ్లు వెతికే ఎవ్రీథింగ్. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు కలిపి పదిహేనేళ్ల ఫైళ్లున్నాయి నా దగ్గర. విండోస్‌లో వెతికితే టీ తాగి రావచ్చు. ఎవ్రీథింగ్ డిస్క్‌లోని ఫైళ్ల పట్టికనే నేరుగా చదువుతుంది కాబట్టి అక్షరాలు కొడుతుండగానే ఫైల్ ముందుంటుంది. ఫైల్ పేరు మాత్రం మీకు గుర్తుండాలి.

హైదరాబాద్ ఎంబెడెడ్

పిల్లలకైతే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఒకటి కొనండి మేడమ్. 2021లో 4 డాలర్లకు వదిలారు, ఇక్కడ కూడా కొన్ని వందల్లో దొరుకుతుంది. అందులో పైథాన్ ప్రోగ్రాములు నడిపే సర్క్యూట్‌పైథాన్ వేస్తే కంప్యూటర్ ఆ బోర్డును కీబోర్డ్ అనుకుంటుంది. ఒక బటన్ తగిలించి, నొక్కితే స్కూల్ పేరు టైప్ అయ్యేలా చేయించండి. చిన్న ప్రోగ్రాం చాలు. తెలియని పెన్ డ్రైవ్ ఎందుకు గుచ్చకూడదో కూడా అప్పుడే చెప్పొచ్చు, ఎందుకంటే పెన్ డ్రైవ్‌లా కనిపించే వస్తువు కూడా ఇలాగే కీబోర్డ్‌గా మారి తనంతట తాను టైప్ చేయగలదు.

నంద్యాల ఫిజిక్స్ టీచర్

రాజమండ్రి అన్నయ్యగారూ, ఫోటోలు వచ్చాయండి! కార్డు లాక్ చేసి క్యూఫోటోరెక్ నడిపితే మూడు గంటల్లో 1,100 పైగా ఫోటోలు బయటికొచ్చాయి. 38 వీడియోల్లో 31 ఆడుతున్నాయి. పదో తరగతి పిల్లల కోలాటం పూర్తిగా ఉంది. స్టాఫ్ రూమ్‌లో చూస్తూ ఏడ్చేశాను.

హెచ్2టెస్ట్‌డబ్ల్యూ పిల్లలే నడిపారు. అసలు చోటు 29 జీబీ దగ్గరే ఆగింది, ఆ పైన రాసిందంతా పోయింది. ఆ డ్రైవ్ మీద "నిజం 29" అని మార్కర్‌తో రాసి ల్యాబ్‌లో దారానికి వేలాడదీశారు. మీటర్ ఆర్డర్ పెట్టాను. ఆడని 7 వీడియోల్లో హెడ్‌మాస్టర్ గారి మాటలున్న వీడియో ఒకటుంది. దానికి ఏదైనా దారి ఉందా?

రాజమండ్రి సర్వీస్ షాపు

చాలా సంతోషమండి. ఇక్కడ మా ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించాను.

ఆ వీడియోకి అన్‌ట్రంక్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ప్రయత్నించండి. వీడియో చివర్లోనో మొదట్లోనో ఉండే సూచిక పోతే ప్లేయర్‌కి ఫ్రేములు ఎక్కడున్నాయో తెలియదు. అదే కెమెరాతో, అవే సెట్టింగ్స్‌లో తీసిన మంచి వీడియో ఒకటి పక్కన ఇస్తే అన్‌ట్రంక్ దాన్ని చూసి ఆ సూచికను కొత్తగా కడుతుంది. మీ దగ్గర ఆడుతున్నవి 31 ఉన్నాయి కదా, అదే రోజు తీసిన దాన్ని ఎంచుకోండి. ఫైల్ నిండా సున్నాలే ఉంటే మాత్రం ఏదీ చేయలేం. పాడైన ఫైల్‌కు కాపీ తీసి ఆ కాపీ మీదే ప్రయత్నించండి, ఒరిజినల్ ముట్టుకోవద్దు. కోలాటం వీడియో ఇవాళే రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి.