అప్‌డేట్: బోరు గాలి కొట్టడం ఆగింది, హెచ్‌పీ పెంచలేదు

మోటారు వేసిన కాసేపటికే నీళ్లు సన్నబడి గాలి కొడుతోంది, 1.5 నుంచి 2 హెచ్‌పీకి మారాలా అని అడిగాను కదా. ముందు నీటి మట్టం కొలవమన్నారు, కొలిచాను. మోటారు ఆపితే 30 మీటర్ల దగ్గర ఉన్న నీళ్లు, నడుస్తుంటే 55కి దిగిపోతున్నాయి. పంపు ఉన్నది సరిగ్గా అక్కడే! బోరు ఊరే దానికన్నా పంపు ఎక్కువ లాగేస్తోందన్నమాట. పెద్దది వేస్తే ఇంకా తొందరగా ఖాళీ అయ్యేది.

అందుకని అదే 1.5 హెచ్‌పీలో స్టేజీలు (పంపులో నీళ్లను పైకి నెట్టే ఫ్యాన్ల వరసలు) ఎక్కువ, డిశ్చార్జి (నిమిషానికి తోడే నీళ్లు) తక్కువ ఉన్న పంపు తీసుకుని ఇంకొంచెం లోతుకు దించాం, అడుగున ఇసుక తగలనంత ఎత్తులోనే. హెడ్ (పంపు నీళ్లను మొత్తం ఎంత ఎత్తుకు నెట్టాలనేది) లెక్కకి పంపు లోతు కాదు, నడుస్తున్నప్పటి నీటి మట్టం, ట్యాంకు ఎత్తు, పైపులో రాపిడి నష్టం కలిపాం. ఇది వాటర్ ఫిల్డ్ మోటారు, దించేముందు మంచినీళ్లు నింపాలి. మెకానిక్ మర్చిపోబోతే గుర్తుచేశాను. కేబుల్ పొడవు పెరిగింది కాబట్టి మందం కూడా పెంచాం.

ట్యాంకు నిండడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతోంది, కానీ ధార తెగడం లేదు. నీళ్లు అయిపోతే మోటారును ఆపేసే డ్రై రన్ ప్యానెల్ కూడా పెట్టించాను. అది ఆపేశాక మళ్లీ ఆన్ అవడానికి ఎంత గ్యాప్ పెట్టుకున్నారు మీరు?